కత్తి క్షేమం

మేడ మీది గది,
ఫిబ్రవరి 9

మహారాజశ్రీ బావగారికి,

మీ ఏకైక బావమరిది లక్షా తొంభై నమస్కారాలు చేసి సమర్పించుకుంటున్న క్షమాపణ పత్రం.

ఈ ఉత్తరం మొత్తానికీ ముందే క్షమించు బావా. దీని పొడవుకి క్షమించు. ఇందులో కబుర్లు తప్ప కబురు లేనందుకు క్షమించు. నా దస్తూరీ కోర్టు గుమాస్తాలనే ఏడిపించింది, ఓడలో ఊగుతూ చదివే నీ కళ్లకు ఏం కానుందో తలుచుకుంటే నాకే జాలేస్తోంది, దానికీ క్షమించు. నేను పుట్టినందుకు కూడా ఒక ముక్క రాద్దామనుకున్నాను కానీ, అందులో నా ప్రమేయం రుజువు కాదని మా సీనియరు ప్లీడరుగారు అభిప్రాయపడ్డారు.

నువ్వెళ్లి మూడు వారాలైంది. ఆ రోజు నాన్న గడ్డం గీసే కత్తిని మెత్తటి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడి ముప్పావుగంట బోధ చేశావు చూడు, అందులో నాకు గుర్తున్నవి రెండే మాటలు: 'జాగ్రత్త', 'వెధవా'. అక్కతో మాత్రం "వెళ్లొస్తా" అన్నావు. ఆవిడ "ఊఁ" అంది. కత్తికి ముప్పావుగంట, కట్టుకున్నదానికి ఒక్క మాట. ఇది న్యాయమేనా అని నేను అడగను. నేనింకా జూనియర్ని.

అయినా నాన్నది విచిత్రమైన పంపకం. కన్నకొడుకునైన నాకు లా చదువు చెప్పించి, క్షవరాల షాపులో పని నేర్చుకోడానికొచ్చిన నీకు కత్తినీ కూతుర్నీ ఇచ్చారు. ఎవరు నష్టపోయారో ఇప్పటికీ తేలలేదు. ఓడ మీద గాలికి ఇనుము తుప్పు పడుతుందని నువ్వు కత్తిని వదిలి వెళ్లావు సరే. వాడని కత్తి పాడవుతుంది, రోజూ దాంతోనే గీసుకోమని నాకు చెప్పావు, అదీ సరే. మూడో రోజున గీసుకున్నాను. నా చుబుకానికి ఒక చిన్న సవరణ జరిగింది. అంతే. కత్తి క్షేమం.

ఇక్కడి సంగతులు. షాపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. రిటైరైన స్టేషను మాస్టారు రోజూ వచ్చి తాళాన్ని ఓసారి కదిపి చూసి, జుట్టు చెవుల మీదికి తోసుకుని వెళ్లిపోతున్నారు. ఎదురు షాపులో చేయించుకోండి అంటే, "నా తల మీద మూడోవాడు చెయ్యి వెయ్యలేదోయ్ ఇంతవరకు" అన్నారు. మొదటివాడు నాన్న, రెండోవాడు నువ్వు.

అక్క ఎలా ఉందంటావా? నువ్వు అడగవులే. నేనే చెబుతాను. నేను "బావ" అనగానే ఆవిడ కుట్టు మిషను తొక్కడం మొదలుపెడుతుంది. "బా" అన్నా చాలు. నిన్న "బాగా ఆకలేస్తోందక్కా" అనబోయి నోరు తెరిచాను, అర గజం గుడ్డ కుట్టేసింది.

బావా, నాన్న పోయిన రోజు నేను ఊళ్లో లేను, పరీక్షలకి వెళ్లాను. నాకు తెలిసిందల్లా అక్క చెప్పిందే. చివరి రోజు పొద్దున నాన్న గడ్డం చెయ్యమని అడిగారు, రెండ్రోజుల గడ్డం. నువ్వు షాపులో జనం ఉన్నారని కబురంపావు. మధ్యాహ్నానికి నాన్న లేరు. అక్క నిన్ను "కత్తి పట్టడం నేర్పిన మనిషి గడ్డానికి మీకు తీరిక లేకపోయిందా?" అంది. నువ్వు దానికి జవాబు చెప్పకుండా నాలుగు నెలలు అదే ఇంట్లో అన్నం తిని, ఓడెక్కావు. ఆ జవాబు నీ పెట్టెలో గానీ వెళ్లిపోయిందేమో, ఒకసారి వెతుకు.

ఇట్లు,
నీ ప్లీడరు బావమరిది

*

ఓడ, కింది అంతస్తు, గది నంబరు లేదు, బాయిలరు పక్కన అంటే చెబుతారు,
మార్చి 3

ఒరే ప్లీడరూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. తర్వాత మూడుసార్లూ అక్షరాలు పోల్చుకోడానికి.

నువ్వు బోధ వినలేదని నాకు అప్పుడే తెలుసు. నీ కళ్లు వీధిలో ఉన్నాయి. కాబట్టి మళ్లీ రాస్తున్నాను, గోడకి అంటించుకో.

గీసుకోవడం అయ్యాక కత్తిని గోరువెచ్చటి నీళ్లలో కడుగు. మరిగే నీళ్లు వద్దు. సబ్బు నురగ ఎక్కడా ఉండకూడదు. మెత్తటి పాత గుడ్డ తీసుకుని వీపు వైపు నుంచి పదును వైపుకి తుడువు. రెండు పక్కలా. పదును వెంట పొడుగ్గా లాగితే గుడ్డా తెగుతుంది, వేలూ తెగుతుంది, పదునూ పోతుంది. పిడి రెండు చెక్కల మధ్యలో సందు ఉంటుంది చూడు, గుడ్డ కొసని మెలిపెట్టి అందులో దూర్చి లాగాలి. సీల దగ్గర ఒక్క చుక్క నీరు దాక్కున్నా అక్కడే మొదలవుతుంది తుప్పు. తర్వాత తెరిచే ఉంచి గాలి తగిలే చోట ఒక గంట పెట్టు. స్నానాల గదిలో పెట్టొద్దు, అక్కడ గోడలకే చెమట పడుతుంది. ఆరాక వేలి కొసతో ఒక్క చుక్క నూనె రాసి మూసెయ్యి. తోలు పట్టీ మీద మర్నాడు, గీసుకునే ముందే తిప్పాలి. గీసిన వెంటనే తిప్పకూడదు. పదునుకి కూడా ఒక పూట విశ్రాంతి కావాలి అనేవారు మామయ్య.

ఇక్కడ ఓడ సెలూన్లో కంపెనీవాళ్లు వాడి పారేసే బ్లేళ్లు ఇచ్చారు. ఒక మనిషికి ఒకటి. గీసి చెత్తబుట్టలో వేయడమే. తుడిచే పని లేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి పని అయిపోతుంది. నాకు చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీడం లేదురా. ఆ టైములో అక్కడ నేను కత్తులన్నీ కడిగి వరసగా పెట్టి, మేడ మీది నుంచి మిషను చప్పుడు వినేవాణ్ణి. మిషను ఆగితే ఇక ఇంటికెళ్లాలని లెక్క.

ఇక్కడ బాయిలరు ఆగదు.

మిషను చక్రం కిర్రుమంటే నూనె వెయ్యమను. నేను చెప్పానని చెప్పకు.

మీ బావ

*

మేడ మీది గది,
ఏప్రిల్ 21

బావా,

నీ ధర్మశాస్త్రం గోడకి అంటించాను. అక్షరం పొల్లుపోకుండా అమలు జరుగుతోంది. ఎవరు అమలు చేస్తున్నారని అనుమానం వద్దు. నేనే.

పొద్దున ఆరింటికి నీళ్లు గోరువెచ్చన చేస్తాను. నేనే. ఎనిమిదింటి దాకా దుప్పట్లోంచి కాలు బయట పెట్టని మనిషినని నువ్వు నవ్వుకుంటావు. మనుషులు మారతారు. కత్తిని తెరిచి నీళ్లలో ముంచుతాను. తుడుస్తాను, నువ్వు చెప్పినట్టే, వీపు నుంచి పదునుకి. పాత లాల్చీ ఒకటి దొరికింది, మెడ దగ్గర చిరిగిన నీలం చారలది, నీదే. దాన్ని చేతి రుమాళ్లంత ముక్కలుగా కోసి, అంచులు కుట్టి, ఉతికి దొంతరగా పెట్టుకున్నాను. అంచులు కూడా నేనే కుట్టాను. కోర్టులో ఖాళీ దొరికినప్పుడు.

తుడిచాక కత్తి మీద నోటితో చిన్నగా ఊదితే ఆవిరి పడుతుంది చూడు. ఆ ఆవిరి అంచుల నుంచి మధ్యకి ఒకేలాగా కరిగిపోతే ఆరినట్టు. ఎక్కడైనా మరకలా నిలిస్తే ఇంకా తడి ఉన్నట్టు. అందుకని ఊది, చూసి, మళ్లీ తుడిచి, మళ్లీ ఊది, ఆ తర్వాతే వీధి వైపు కిటికీ గట్టు మీద పెడతాను. గంట సేపు ఆరనివ్వమన్నావు. ఆ గంటా నేను పక్కనే కూర్చుంటాను. గాలికి ఎగిరిపోతుందని కాదు. ఊరికే.

మొన్న అలాగే కూర్చుని ఉంటే వీధిలో ఎవరో ఈల వేసుకుంటూ పోయారు. నువ్వు షాపు మూసి వచ్చేటప్పుడు వేస్తావే, పైకి మొదలెట్టి మధ్యలో శ్రుతి తప్పే ఈల, అచ్చం అలాంటిదే. నేను చటుక్కున లేచి కిటికీలోంచి సగం బయటికి వంగి చూశాను. నువ్వు కాదు. మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఆ పూట కత్తి రెండు గంటలు ఆరింది. నీ మీద నాకు ఇంత ప్రేమ ఉందని నాకే తెలీదు బావా. ఎవరికీ చెప్పకు, పెళ్లి కావాల్సినవాణ్ణి.

ఇంకో సంగతి. పోయిన వారం నేను కోర్టులో ఉండగా ఎదురు షాపాయన మనింటికి వచ్చాడట. మీ నాన్నగారి కత్తి ఊరికే పడి ఉంది కదా, నాకు ఇప్పించండి అని అడిగాడట. అక్క ఏమందో నాకు చెప్పలేదు. నేను ఆరా తీయబోతే మిషను తొక్కింది. ఇప్పుడు మిషను కిర్రుమనడం లేదు. నూనె సంగతి నేను చెప్పలేదు. నీ ఉత్తరం బల్ల మీద మర్చిపోయి వెళ్లాను, అంతే. నాకు మతిమరుపు ఎక్కువ.

ఇట్లు,
నీ ప్రేమలో కూరుకుపోయిన బావమరిది

*

ఓడ, బాయిలరు పక్కన,
మే 30

ఒరే,

నీకు నా మీద అంత ప్రేమ ఉన్నందుకు సంతోషం. కొంచెం భయం కూడా వేసింది.

ఆవిరి ఊది చూడటం నేను రాయలేదే. అది మామయ్య పద్ధతి. షాపులో కాదు, ఇంట్లో తన గడ్డం తను చేసుకున్నాకే అలా చూసుకునేవారు. నువ్వు చిన్నప్పుడు చూసి ఉంటావు. మంచిదే. నీ చేతికి పని వచ్చిందంటే ఆయన నవ్వుకునేవారు.

ఇక్కడికి పోయిన వారం ఒక పెద్దాయన వచ్చాడు. కుర్చీలో కూర్చుని, పైకి గీయొద్దు నాయనా, కిందికే, నా చర్మం పల్చన అన్నాడు. మామయ్య గొంతులా లేదు. మాట మాత్రం అదే మాట. చుబుకం కింద అదే చోట అడ్డం తిరిగిన వెంట్రుకలు. నేను బ్లేడు పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయాను. ఆయన కళ్లు తెరిచి, మర్చిపోయావా ఎలా గియ్యాలో అని అడిగాడు. లేదండీ అన్నాను. గీశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన నిద్రపోయాడు.

బ్లేడు చెత్తబుట్టలో వెయ్యలేదు. కడిగి తుడిచి కిటికీ దగ్గర పెట్టాను. ఇక్కడ కిటికీ గుండ్రంగా ఉంటుంది, గట్టు ఉండదు. కాగితం మడిచి దాని మీద పెట్టాను. పొద్దునకి తుప్పు. గాలిలోనే ఉప్పు ఉందిరా, ఎంత తుడిచినా అంతే.

ఇంకోటి. నా ఒప్పందం అక్టోబరుతో అయిపోతుంది. ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టమంటున్నారు. అక్టోబరు పదిహేనున ఓడ పెద్ద రేవులో ఆగుతుంది. ఆ రోజు ఆఫీసుకెళ్లి సంతకమైనా పెట్టాలి, సామానైనా దించుకోవాలి. నాకు ఎటూ తోచడం లేదు. ఇంటికి వస్తే ఎవరింటికి వచ్చినట్టో నాకు తెలియాలి కదా. మాట్లాడని మనిషి ఎదురుగా నాలుగు నెలలు కూర్చున్నాను. మళ్లీ కూర్చోలేను. అంతకంటే సముద్రమే నయం, అది ఎలాగూ మాట్లాడదు.

మీ అక్కతో చెప్పకు.

చెప్పినా ఫరవాలేదు.

మీ బావ

*

మేడ మీది గది,
జులై 12

బావా,

చెప్పకు, చెప్పినా ఫరవాలేదు అని రాశావు. రెండు పరస్పర విరుద్ధమైన ఆదేశాలు ఉన్నప్పుడు చివరిదే చెల్లుతుంది. చెప్పాను.

భోజనాల దగ్గర చెప్పాను. "బావ ఇంకో రెండేళ్లు ఓడ మీదే ఉంటాడేమోనే" అన్నాను. అక్క నా కంచంలో అన్నం వడ్డించింది. మళ్లీ వడ్డించింది. ఇంకోసారి వడ్డించింది. నేను ఆ అన్నం గుట్ట వెనకాల నుంచి "చాలక్కా" అన్నాను. "ఉండాలనుకుంటే ఉంటారు, నాకెందుకు చెబుతున్నావ్" అని లేచి మిషను దగ్గరికి వెళ్లింది. ఆ రాత్రి కుట్టిన చొక్కాని మర్నాడు స్టేషను మాస్టారు తొడుక్కోబోతే చెయ్యి మణికట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. చేతి చివర మూసి కుట్టేసింది. ఆయన అందులో చెయ్యి పెట్టుకుని మన గుమ్మంలో నిలబడి, "నాకు జుట్టూ లేదు, చొక్కా లేదు, మీ కుటుంబం నన్నేం చేద్దామనుకుంటోంది?" అన్నారు. జుట్టు నిజానికి భుజాల మీద ఉంది. కోపంలో తప్పు చెప్పారు.

కత్తి క్షేమం. నిన్న తోలు పట్టీ మీద ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాను. తిప్పేటప్పుడు వీపు ముందు, పదును వెనక, తెలుసు. మణికట్టు తిరగాలి గానీ మోచెయ్యి కాదు, అదీ తెలుసు. తర్వాత యథాప్రకారం గోరువెచ్చటి నీళ్లు, నీలం చారల గుడ్డ, కిటికీ. నూనె మాత్రం నువ్వు షాపు సొరుగులో పెట్టింది ఎప్పుడో అయిపోయింది. మిషను నూనె వాడుతున్నాను, పల్చగా ఉంటుంది, జిగట కట్టదు.

ఈ మధ్య ఒక్కోసారి తుడవడం అయిపోయాక కూడా కత్తిని వెంటనే మూయబుద్ధి కావడం లేదు. దాని మీద కిటికీ వెలుతురు పడి పైకప్పు మీద చిన్న పలకలా కదులుతుంది. దాన్ని చూస్తూ కూర్చుంటే పాలవాడు రెండుసార్లు పిలిచినా వినపడదు. నాకు.

ఒక శుభవార్త. బార్ కౌన్సిల్లో నా పేరు నమోదైంది. ఇక నేను నిజం ప్లీడర్ని. నల్లకోటులో ఫోటో తీయించుకున్నాను, ఒక ప్రతి ఇందులో పెడుతున్నాను. ఓడ మీద అందరికీ చూపించు. నా బావమరిది అని గర్వంగా చెప్పు. ఫోటోగ్రాఫరు నన్ను నవ్వొద్దన్నాడు, అందుకే ఆ గాంభీర్యం.

ఇట్లు,
అడ్వొకేటు బావమరిది

*

ఓడ,
ఆగస్టు 26

ఒరే,

ఫోటో చేరింది. కోటు బాగుంది.

గడ్డం కూడా బాగుంది.

ఛాతీ మీద రెండో గుండీ దాకా ఉంది గడ్డం. అది నెలలో పెరిగేది కాదు. మూడు నెలల్లో పెరిగేది కాదు. పాతికేళ్లుగా గడ్డాలు చూసి బతుకుతున్నవాణ్ణి, ఎంత కాలానికి ఎంత పెరుగుతుందో నాకు చెప్పాలా? నువ్వు జనవరి తర్వాత మొహం మీద కత్తి పెట్టలేదు.

మరి ఫిబ్రవరి నుంచి ఏ కత్తిని తుడుస్తున్నావురా? గీసుకోనివాడికి తుడుచుకోడానికి తడి ఎక్కడిది?

నేను మూడు రోజులు ఆలోచించాను. ఎదురు షాపాయన వచ్చాడని రాశావు, మీ అక్క ఏమందో రాయలేదు. కత్తి ఆయన దగ్గర ఉంది. ఆయన వాడుతున్నాడు, తుడుస్తున్నాడు. నువ్వు అక్కడికెళ్లి చూసి వచ్చి నాకు రాస్తున్నావు. అందుకే అంత వివరంగా ఉంది. పని తెలిసినవాడి చెయ్యి అది, నీది కాదు. నన్ను బాధ పెట్టకూడదని రాశావని తెలుసు. అయినా నవ్వులాటకి కూడా ఒక హద్దుంటుంది.

ఇచ్చేసి ఉంటే ఆవిడ తప్పేం లేదు. అది ఆవిడ నాన్న కత్తి. నేను ఇచ్చిన జవాబేమీ లేదు కదా, ఉంచుకోవడానికి.

ఆ జవాబు నా పెట్టెలో ఉందేమో వెతకమన్నావు. ఉంది. ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. ఆ రోజు షాపులో జనం లేరు. ఒక్కరూ లేరు. మామయ్య కబురు వచ్చినప్పుడు నేను కత్తి తోలు పట్టీ మీద తిప్పుతున్నాను. ముందు రోజే ఆయన గోళ్ల రంగు చూశాను. ఎంతోమంది పెద్దవాళ్లకి ఇళ్లకి వెళ్లి గడ్డాలు చేశాను, ఆ రంగు నాకు తెలుసు. ఇదే ఆఖరిది అని తెలిసింది. అప్పుడు చెయ్యి వణికింది. కుడి చెయ్యి. ఎడం చేత్తో పట్టుకున్నాను, రెండూ వణికాయి. ఆయన నాకు పదహారేళ్లప్పుడు మొదటిసారి కత్తి ఇచ్చి తన గొంతే ముందుకు పెట్టారు, గియ్యి అని. ఒక్క గాటు పడలేదు ఎప్పుడూ. ఆఖరి రోజున ఆయన మొహాన రక్తం చూపించనా? తలుపు లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ఆగాక వెళదామని. జనం ఉన్నారని కబురంపాను. చెయ్యి ఆగేసరికి మధ్యాహ్నమైంది.

మీ అక్క అడిగినప్పుడు ఏమని చెప్పను? కత్తి పట్టేవాడు చెయ్యి వణికిందని చెప్పుకుంటాడా?

ఇది ఆవిడకి చెప్పకు. ఈసారి ఫరవాలేదు అనడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. వెటకారం లేకుండా రాయి. కత్తి ఎవరు తుడుస్తున్నారు? బయటివాళ్లయితే పదిహేనున సంతకం పెట్టేస్తాను. అలా కాక... అలా కాకపోతే అని రాయడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు. రేవు ఆఫీసు చిరునామా వెనక రాశాను. అక్కడికే పంపు.

బావ

*

మేడ మీది గది,
సెప్టెంబరు 24

బావా,

నీ ఉత్తరాన్ని నేను అక్కకి చూపించలేదు. మొన్న నేను కోర్టు నుంచి వచ్చేసరికి కవరు చింపి ఉంది. ఇన్ని నెలల్లో బల్ల మీద మర్చిపోయినవి చదివిందేమో గానీ, మూసి ఉన్నది చింపడం ఇదే మొదలు. మిషను ముందు కూర్చుని ఉంది. మిషను తిరగడం లేదు.

"నా పేరు మీద వచ్చిన ఉత్తరం చింపడం నేరం" అన్నాను.

"శిక్ష వెయ్యి" అంది.

నేను కోటు విప్పి కూర్చున్నాను. తనే అంది, "ఆ రోజు షాపులో ఎవరూ లేరటరా."

"ఊఁ."

"తలుపేసుకుని కూర్చున్నారట."

"నేనింకా చదవలేదక్కా, నువ్విస్తే కదా."

ఇచ్చింది. నేను చదువుతుంటే నా మొహమే చూస్తోంది, ఏ వాక్యం దగ్గరున్నానో కనిపెడుతున్నట్టు. చెయ్యి వణికింది అన్న చోటుకి వచ్చేసరికి, "నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేదిరా? వచ్చి ఆ చెయ్యి పట్టుకునేదాన్ని కదా" అంది. "నాన్న మొహం మీద గాటు పడితే మాత్రం ఏం? నాన్న ఏమన్నా అనేవారా? 'పర్లేదులే' అనేవారు. నేను అన్న మాట ఎంత మాటరా అది. ఎన్నిసార్లు గొంతు దాకా వచ్చింది, తప్పయిందని చెబుదామని. ఆ మనిషి నా వైపు చూస్తే కదా."

ఇవన్నీ రాయొచ్చా అని అడిగాను. "నీ ఇష్టం, నీ బావ, నీ ఉత్తరం" అంది. అంటే రాయమని. ఆవిడ భాష నాకు వచ్చు.

తర్వాత లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, "పదిహేనుకి ఎన్ని రోజులుంది?" అని అడిగింది. ఇరవై పైనే అన్నాను. ఉత్తరం ఎన్ని రోజుల్లో వెళుతుందంది. పన్నెండు, పదమూడు అన్నాను. "అయితే కూర్చున్నావేం మరి, రాయి" అంది.

"కత్తి ఎవరు తుడుస్తున్నారని అడిగాడుగా, ఏం రాయను?"

అప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. నా చేత ఫిబ్రవరిలో ఒక ఒట్టు వేయించుకుంది, దాన్ని మళ్లీ వేయించుకుంది. ఎవరు, ఏమిటి, ఎప్పటి నుంచి అన్నవి నేను నీకు రాయకూడదు. రాస్తే నవ్వుతావట. అంతకంటే రాయడం ఒట్టు తప్పడమే. కాబట్టి నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఒట్టులో లేనిది ఒకటి ఉంది. నిన్న ఎదురు షాపాయన దగ్గరికి వెళ్లి సాక్ష్యం సేకరించాను. ఆయన కత్తి అడిగిన రోజు అక్క ఏమందో చెప్పమన్నాను. ఆయన కత్తెర ఆపి చెప్పాడు: "'అది ఊరికే పడి లేదండీ, దాని మనిషి ఊరెళ్లారు, వస్తారు' అన్నారు మీ అక్కగారు. ఇంకేం మాట్లాడతాం, వచ్చేశాను." ఆ మనిషి మన గుమ్మం తొక్కడం అదే ఆఖరు. కత్తి ఇల్లు దాటలేదు. ఆ ఇంట్లో ఉండేది ఎంతమందో నీకు తెలుసు.

ఇక వెటకారం లేకుండా రాయమన్నావు. ఇతరులు చేసింది చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను గానీ, నేను చేసింది చెప్పకూడదని ఎవరూ నా చేత ఒట్టు వేయించుకోలేదు. కాబట్టి నేను చేసింది చెబుతాను, నిజం చెబుతాను, అంతా చెబుతాను.

నువ్వెళ్లిన మూడో రోజు పొద్దున గీసుకున్నాను. చుబుకం తెగింది. కోర్టుకి ఆలస్యమైంది. నురగతో సహా కత్తిని అలాగే మూసి స్నానాల గదిలో గూట్లో పెట్టి పరిగెత్తాను. తర్వాత మర్చిపోయాను. ఐదు రోజులకి దాన్ని తెరిచారు. ఎవరో చెప్పను. సీల దగ్గర తుప్పు, పదును వెంట ఆవగింజంత మచ్చ. దాన్ని అలా పట్టుకుని గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయిన మనిషిని నేను గుమ్మంలో నిలబడి చూశాను. కళ్లెత్తి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారమంతా మెత్తటి గుడ్డకి బూడిద అద్ది రుద్దుతున్న చప్పుడు పక్కగదిలోంచి నాకు వినపడేది.

ఆ రోజు నుంచీ నేను ఆ కత్తిని ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు. నీళ్లు కాచలేదు, లాల్చీ కోయలేదు, ఊది చూడలేదు, కిటికీ దగ్గర కూర్చోలేదు. ఈల విని లేచింది నేను కాదు. ఇన్ని నెలల్లో ఆ కత్తికి నేను చేసింది ఒక్కటే బావా. తడిగా మూసి పెట్టాను.